జోస్యం ఎవరికి ఫలిస్తుంది?

పదిహేడేళ్ల కుర్రవాణ్ణి చూసి, వీడు ఇరవై రెండేళ్లకు ఏమవుతాడో చెప్పవచ్చునా? చెప్పవచ్చుననే నమ్మకం మీద అమెరికాలో ఒక పెద్ద వ్యాపారం నడుస్తున్నది. పరదేశపు ఆటల వ్యాపారం గురించి మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మనిషి విలువను ముందుగా కొలవటం సాధ్యమా, సాధ్యమైతే ఆ కొలతకు మనిషి మీద ఎంత అధికారం ఇవ్వాలి అన్న ప్రశ్న పాతదే. కాని దాన్ని అంకెలతో పరీక్షించే అవకాశం చాలా అరుదుగా దొరుకుతుంది. బడిలో పంతులుగారు ఒక పిల్లవాణ్ణి చూసి చెప్పే జోస్యాన్ని ఎవరూ రాసిపెట్టుకోరు. ఈ జోస్యాలు మాత్రం పేరుపేరునా నమోదై వుంటవి. పదేళ్ల తర్వాత తీసి, ఏది నిజమైందో ఏది కాలేదో సరిచూసుకోవచ్చు.

ముందు విషయం చెప్పాలి. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా వుంటుంది. దాన్ని ఎక్కువగా చేత్తోనే పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. అవతలివాళ్లు మీదపడి నేలకూలుస్తారు. ఈ ఆట అక్కడ విశ్వవిద్యాలయాల పేరుతో నడుస్తుంది. పై శ్రేణిలోనే 130కి మించి విశ్వవిద్యాలయాల జట్లున్నవి. మిషిగన్ విశ్వవిద్యాలయం వారి స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. ఆ జట్లు ఏటా హైస్కూళ్ల నుంచి కుర్రవాళ్లను ఏరి, స్కాలర్‌షిప్పు ఇచ్చి చేర్చుకుంటవి. మూడు నాలుగేళ్లు ఆడిన తర్వాత వాళ్లలో కొద్దిమందిని ఎన్.ఎఫ్.ఎల్. అనే వృత్తిజట్ల సంఘం తీసుకుంటుంది. ఈ ఎంపికకు ‘డ్రాఫ్టు’ అని పేరు. ఏడు విడతలు, మొత్తం సుమారు 250 మంది. మొదటి విడతలో జట్టుకు ఒకడి చొప్పున 32 మంది.

హైస్కూలు కుర్రవాళ్లకు విలువ కట్టే సంస్థలు వేరే వున్నవి: రైవల్స్, 247స్పోర్ట్స్, ఇ.ఎస్.పి.ఎన్. వంటివి. వీరి మనుషులు హైస్కూలు ఆటలు చూస్తారు, ఆటల వీడియోలు చూస్తారు, శిబిరాలకు వెళ్లి కుర్రవాళ్ల ఎత్తు, బరువు, చేతుల పొడవు, 40 గజాల పరుగుకు పట్టిన సెకండ్లు రాసుకుంటారు. ఇదంతా కలిపి ఒక్కొక్కడికి రెండు మొదలు ఐదు దాకా నక్షత్రాలిస్తారు. ఐదు నక్షత్రాలవాళ్లు ఏటా ముప్పైమంది, అటూ ఇటూగా. డ్రాఫ్టు మొదటి విడతలో వుండేది 32 మంది గనుక తామిచ్చే ఐదు నక్షత్రాలు కూడా దాదాపు అంతేమందికి వుండాలని 247స్పోర్ట్స్ వారి ఉద్దేశం. అంటే ఇది హైస్కూలు ఆటకు ఇచ్చే మార్కు కాదు. నాలుగేళ్ల తర్వాతి సంతలో పలకబోయే ధరకు ఇప్పుడే వేసే అంచనా. నాలుగు నక్షత్రాలవాళ్లు మూడు నాలుగు వందలమంది. మూడు నక్షత్రాలవాళ్లు వెయ్యికి పైగా. ఆ కింద వున్నవాళ్లను లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు.

ఈ జోస్యం ఫలిస్తుందా? ఫలిస్తుంది. ఈ మాట మొదటనే ఒప్పుకోవటం మంచిది. మన పక్షంలో ఒక అలవాటు వుంది. ధనస్వాములు దేన్నయినా కొలిచారంటే ఆ కొలత దొంగదే అయివుంటుందని మనం ముందే తీర్మానించుకుంటాం. ఆపైన నక్షత్రాలు లేకుండా పైకి వచ్చిన ఒకడి పేరు తీసి, చూశారా అంటాం. ఇది వాదం కాదు, ఊరట.

బడ్ ఎలియట్ అనే పత్రికారచయిత ఒక సాదా సూత్రం చెప్పాడు. గడిచిన నాలుగేళ్లలో ఒక జట్టు చేర్చుకున్న కుర్రవాళ్లలో నాలుగైదు నక్షత్రాలవాళ్లు సగానికి మించి వుంటే తప్ప ఆ జట్టు జాతీయ విజేత కాజాలదన్నాడు. సగం దాటిన జట్లన్నీ గెలుస్తాయని కాదు, దాటనిది గెలవదని. 2011 మొదలు 2024 దాకా విజేతలందరూ ఈ సూత్రానికి లోబడినవాళ్లే: అలబామా, ఫ్లోరిడా స్టేట్, ఒహాయో స్టేట్, క్లెమ్సన్, ఎల్.ఎస్.యు., జార్జియా, మిషిగన్. నిక్ సేబన్ శిక్షణలో అలబామా 2009 నుంచి 2020 లోపల ఆరుసార్లు జాతీయ విజేత అయింది. ఆ సంవత్సరాల్లో కుర్రవాళ్లను చేర్చుకోవటంలోనూ చాలాసార్లు దానిదే అగ్రస్థానం. 2022 సీజనులో టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం అనే చిన్న జట్టు, నక్షత్రాల లెక్క సగానికి ఎంతో కిందవున్నా, అందరి అంచనాలూ తలకిందులు చేసి అంతిమ పోటీకి వచ్చింది. 2023 జనవరి 9న అక్కడ జార్జియాను ఎదుర్కొన్నది. ఫలితం 65-7. ఆ ఏడంతా సన్నవాడి విజయాన్ని చూసి మురిసినవాళ్లు ఆ రాత్రి రెండో సగం చూడలేదు.

ఇక రెండో వైపు. జాష్ అలెన్ కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న వ్యవసాయపుటూరి కుర్రవాడు. ఇంట్లో సేద్యం. హైస్కూలు పూర్తయ్యేనాటికి పై శ్రేణి విశ్వవిద్యాలయం ఒక్కటీ అతనికి స్కాలర్‌షిప్పు ఇవ్వజూపలేదు. దగ్గర్లోని రీడ్లీ కాలేజీ అనే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో చేరాడు. అక్కడినుంచి దేశంలోని కోచ్‌లందరికీ ఉత్తరాలు పంపుకున్నాడు. చివరకు వయోమింగ్ రమ్మన్నది. 2018 డ్రాఫ్టులో ఏడోవాడుగా ఎంపికయ్యాడు. 2024 సీజనుకు ఎన్.ఎఫ్.ఎల్. మొత్తంలో అత్యుత్తమ ఆటగాడనిపించుకున్నాడు. జె.జె. వాట్ రెండు నక్షత్రాలవాడు. ఒక చిన్న జట్టులో ఏడాది ఆడి, అది వదిలేసి, స్కాలర్‌షిప్పు లేకుండా విస్కాన్సిన్ జట్టులో చేరాడు. మధ్యలో పీజాలు మోసి ఇళ్లకు అందించాడు. తర్వాత మూడుసార్లు ఎన్.ఎఫ్.ఎల్.లో ఆ ఏటి మేటి రక్షకుడు. ఆరన్ రాడ్జర్స్ కూడా అలెన్‌లాగే రెండేళ్ల కాలేజీ దారిన వచ్చినవాడు. ఖలీల్ మాక్ రెండు నక్షత్రాలు, పాట్రిక్ మహోమ్స్ మూడు. ఇంకొక పక్క, ఐదు నక్షత్రాలవాళ్లలో దాదాపు సగంమంది డ్రాఫ్టులోనే కనబడరు. పదిహేడో ఏట దేశంలోకెల్లా ఉత్తములని పేరుపొందిన ముప్పైమందిలో పదిహేనుమంది ఇరవై రెండో ఏటికి మామూలువాళ్లు.

ఈ రెండు సంగతులూ ఒకదాన్నొకటి ఖండిస్తున్నట్టు కనబడతాయి. నిజానికి ఖండించవు. లెక్క కోసం అనుకుందాం: ఐదు నక్షత్రాలవాళ్లు 30 మందిలో సగం, అంటే 15 మంది పైకి వచ్చారు. నాలుగు నక్షత్రాలవాళ్లు 350 మందిలో ఐదింట ఒకడు, 70 మంది. మూడు నక్షత్రాలవాళ్లు 1,500 మందిలో పదిహేనింట ఒకడు, 100 మంది. ఇప్పుడు పైకి వచ్చినవాళ్లను మాత్రమే వరుసగా నిలబెట్టి చూస్తే మూడు నక్షత్రాలవాళ్లే ఎక్కువమంది. అది చూసి నక్షత్రాలు వట్టివని ఒకడంటాడు. కింద నిలబడినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నవాడు, ఐదు నక్షత్రాలవాడికి మూడు నక్షత్రాలవాడికంటె ఏడు రెట్లకు మించిన అవకాశం వున్నదంటాడు. ఇద్దరి అంకెలూ సరైనవే. మొదటివాడు గెలిచినవాళ్లను మాత్రమే లెక్కపెట్టాడు, అదే అతని పొరపాటు.

అంతటితో నక్షత్రాల సంస్థలవాళ్లు వాదం గెలిచామనుకోవచ్చు. గణితం వరకు గెలిచారు కూడా. నా ప్రశ్న ఆ తర్వాతిది. ‘ఈ కుర్రవాడికి యాభై శాతం అవకాశం వున్నది’ అన్న వాక్యం ఎవరి గురించి చెప్పినట్టు? ఆ కుర్రవాడి గురించి చెప్పినట్టే వినబడుతుంది. కాని అతనిలో యాభై శాతం అనేది ఎక్కడా లేదు. అతను పైకి వస్తాడు, లేదా రాడు. యాభై శాతం అనేది అతనిలాంటి ముప్పైమంది గుంపుకు చెందిన గుణం. గుంపు గురించిన నిజాన్ని తీసుకొచ్చి ఒక్కడి నొసట అంటించి, ఇది నీ విలువ అంటున్నాం. గుంపు విషయంలో ఆ మాట ఎంత నిజమైనా, ఆ ఒక్కడి విషయంలో అది ఇంకా అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

మార్క్స్ ‘కాపిటల్’ మొదటి సంపుటంలో, సహకార శ్రమ గురించిన అధ్యాయంలో ఈ విషయానికి దగ్గరగా వచ్చాడు. ప్రతి కార్మికుడూ సగటు కార్మికుడికంటె ఎంతో కొంత భిన్నంగానే వుంటాడు. కాని కొంతమందిని కలిపి పనిలో పెట్టుకుంటే ఆ తేడాలు ఒకదానికొకటి చెల్లిపోయి సగటు మిగులుతుంది అంటాడు. ఐదుగురు వ్యవసాయకూలీలను కలిపితే చాలు, ఏ ఐదుగురైనా ఒకటేనన్న ఎడ్మండ్ బర్క్ మాటను అక్కడ ఎత్తి చూపాడు. ఇందులో గమనించవలసిన కీలకం ఒకటి వుంది. సగటు అనేది పెట్టుబడి పెట్టినవాడికి మాత్రమే అనుభవంలోకి వస్తుంది, ఎందుకంటే పదిమందినీ కలిపి కొనగలిగింది అతనే. కూలివాడికి సగటు లేదు. అతనికి వున్నది తన రెండు చేతులే.

ఫుట్‌బాల్ జట్టు విషయమూ ఇంతే. 2025 దాకా ఒక జట్టు 85 మందికి స్కాలర్‌షిప్పులివ్వవచ్చు. ఏటా పాతికమంది దాకా కొత్తవాళ్లు వచ్చేవారు. పాతికమందిలో పదిమంది విఫలమైనా జట్టు గెలుస్తుంది. పదిమంది విఫలమవుతారని ముందే తెలుసు. ఎవరా పదిమంది అన్నది జట్టుకు అక్కరలేదు. కుర్రవాడికి అక్కరైనది మాత్రం అదొక్కటే. నక్షత్రాల అంచనా ఫలిస్తుందా అని అడిగితే, జట్టుకు ఫలిస్తుంది, కుర్రవాడికి పందెంలా పడుతుంది అని చెప్పాలి. జోస్యం ఒకటే, అంకె ఒకటే. దాన్ని చేత పట్టుకున్నవాడి దగ్గర ఎన్ని బతుకులున్నవి అన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతున్నది.

ఒక్కోసారి జట్టుకు కూడా ఫలించదు. 2022లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం చేర్చుకున్న కుర్రవాళ్ల బృందాన్ని 247స్పోర్ట్స్ తన చరిత్రలోనే అత్యుత్తమమైనదిగా లెక్కవేసింది. ఆ ఏడు ఆ జట్టు ఐదు ఆటలు గెలిచి, ఏడు ఓడింది. మరుసటి ఏడు నవంబరులో కోచ్ జింబో ఫిషర్‌ను తీసేశారు. కాంట్రాక్టు ప్రకారం అతనికి ముట్టవలసిన సొమ్ము 7 కోట్ల 60 లక్షల డాలర్ల పైచిలుకు. అంచనా తప్పినప్పుడు అంచనా వేసినవాడికి నష్టపరిహారం, అంచనాకు గురైన కుర్రవాళ్లకు మూటాముల్లె సర్దుకుని ఇంకో విశ్వవిద్యాలయం వెతుక్కునే పని. వాళ్లలో చాలామంది అలాగే వెళ్లిపోయారు.

ఇంకొక ప్రశ్న. జోస్యం ఫలించినప్పుడు, అది విత్తనాన్ని సరిగా గుర్తించినందువల్ల ఫలించిందా, లేక ఆ విత్తనానికే నీళ్లు పోసినందువల్ల ఫలించిందా? ‘పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది’ అని మనవాళ్లు ఎంతో నమ్మకంగా చెబుతారు. పరిమళించిన పువ్వు గురించి, అది పరిమళించాక చెప్పే మాట అది. వాడిపోయిన మొగ్గల గురించి సామెత లేదు.

పెద్ద కోచ్‌లు ఎవరి వెంట పడుతున్నారన్నది నక్షత్రాలిచ్చేవాళ్లు గమనించకుండా వుండరు. అలబామావాళ్లు కావాలన్న కుర్రవాడిలో ఏదో వుండే వుంటుందనుకోవటం సహజం. అలాగే, నక్షత్రాలున్నవాడి గురించి మిగతా కోచ్‌లు ఆరా తీస్తారు. ఇద్దరు గుడ్డివాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకు నడిచినట్టని నేననను; ఇద్దరికీ కొంత చూపు వున్నది. కాని ఒకరి చూపును ఇంకొకరు సాక్ష్యంగా చెప్పుకుంటున్నారు. ఐదు నక్షత్రాలవాడు జట్టులో చేరిన తర్వాత అతనికి ఓపిక ఎక్కువ దొరుకుతుంది. మొదటి తప్పు చేస్తే ‘ఇంకా కుదురుకుంటున్నాడు’ అంటారు. రెండు నక్షత్రాలవాడు అదే తప్పు చేస్తే ‘మేం అనుకున్నదే’ అంటారు. బ్యాంకు దివాలా తీస్తుందన్న వదంతి నమ్మి అందరూ ఒకేసారి డబ్బు తీసుకుంటే బ్యాంకు నిజంగానే దివాలా తీస్తుందని, 1948లో రాబర్ట్ మెర్టన్ అనే సామాజికశాస్త్రజ్ఞుడు తనను తాను నిజం చేసుకునే జోస్యం గురించి రాశాడు. నక్షత్రాల జోస్యంలో ఈ పాలు ఎంత అన్నది విడదీసి కొలవటం కష్టం, ఎందుకంటే రెండు నక్షత్రాలవాణ్ణి ఐదు నక్షత్రాలవాడిలా పెంచి చూసే ప్రయోగం ఏ కోచ్‌కూ గిట్టదు. (తెలుగు రాష్ట్రాల ఇంటర్ కాలేజీలు పదో తరగతి ఫలితాలు చూసి గట్టివాళ్లను ఏరి ఫీజు తగ్గించి చేర్చుకుంటవి. రెండేళ్ల తర్వాత వాళ్ల ర్యాంకులను తమ బోధనకు రుజువుగా పత్రికల్లో వేసుకుంటవి. ఆ ప్రకటనలు చదివిన ఉపాధ్యాయులకు ఈ చిక్కు విప్పి చెప్పనక్కరలేదు.)

జార్జియా సంగతి ఇక్కడ చూడదగ్గది. 2021, 2022 సీజన్లలో వరుసగా జాతీయ విజేత అయిన ఆ జట్టు నిండా నక్షత్రాలవాళ్లే. నక్షత్రాల సూత్రానికి అంతకంటె మంచి ఉదాహరణ లేదు. కాని ఆ జట్టును మైదానంలో నడిపిన క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెన్నెట్ స్కాలర్‌షిప్పు లేకుండా వచ్చి చేరినవాడు. మధ్యలో మిసిసిపీలో ఒక రెండేళ్ల కాలేజీకి వెళ్లి, తిరిగి వచ్చాడు. సూత్రం నిజమే, సూత్రం మధ్యలో కూర్చున్న మనిషి సూత్రానికి లొంగనివాడు. బంతిని ఎంత దూరం విసురుతాడన్నది కొలవవచ్చు. ముగ్గురు మీదికి వస్తుండగా రెండు సెకండ్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవటం అనేది 40 గజాల పరుగులో బయటపడదు.

ఇంతవరకు చదివిన మిత్రుడు, ‘అయితే కొలతలన్నీ తీసేయమంటావా?’ అని అడగవచ్చు. అననే అనను. కొలత లేనిచోట వుండేది స్వేచ్ఛ కాదు, సిఫారసు. అమెరికా దక్షిణాది విశ్వవిద్యాలయాలు చాలాకాలం నల్లవాళ్లను తమ జట్ల దరిదాపులకు రానివ్వలేదు. అలబామా మొట్టమొదటిసారి ఒక నల్ల యువకుడికి, విల్బర్ జాక్సన్‌కు, ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పు ఇచ్చింది 1969లో. 1970 సెప్టెంబరులో సదరన్ కాలిఫోర్నియా జట్టు బర్మింగ్‌హామ్‌కు వచ్చి, శామ్ కనింగ్‌హామ్ అనే నల్ల యువకుడి పరుగుతో అలబామాను 42-21 తేడాతో ఓడించింది. ఆ ఒక్క ఆటతోనే అలబామా కళ్లు తెరిచిందని ఒక కథ చెబుతారు. జాక్సన్ అప్పటికే చేరివున్నాడు గనుక ఆ కథలో అతిశయోక్తి వుంది. అయినా అందులో ఒక సత్యం వున్నది. స్టాప్‌వాచీకి వర్ణం తెలియదు. వంశమూ, రంగూ, పరిచయమూ తూచే తక్కెడ కంటె సెకండ్లు తూచే తక్కెడ ఎంతో మేలు.

కాని ఆ తక్కెడలో ఏం వెయ్యాలో నిర్ణయించేవాడికి వర్ణం తెలుసు. వారెన్ మూన్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, 1978 జనవరిలో రోజ్ బౌల్ పోటీలో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ ఏడు ఎన్.ఎఫ్.ఎల్. జట్లేవీ అతన్ని డ్రాఫ్టులో తీసుకోలేదు. నల్లవాడు పరుగెత్తవచ్చు, పట్టవచ్చు, జట్టుకు బుర్రగా వుండకూడదు అన్న నమ్మకం ఆనాడు బలంగా వుండేది. మూన్ కెనడా వెళ్లి ఆరేళ్లు ఆడి, తిరిగివచ్చి, 2006లో ఎన్.ఎఫ్.ఎల్. కీర్తిమందిరంలో చోటు సంపాదించాడు. అతని చెయ్యి బలం కొలవటంలో ఎవరూ తప్పు చెయ్యలేదు. అతన్ని ఏ గడిలో రాయాలన్న దగ్గర తప్పు చేశారు. నలభై ఏళ్ల తర్వాత లామార్ జాక్సన్, అప్పటికే కాలేజీ ఆటలో అత్యున్నతమైన హైస్మన్ బహుమతి పొందినవాడు, క్వార్టర్‌బ్యాక్‌గా కాక బంతి అందుకునేవాడిగా ఆడితే బాగుంటుందని పెద్దలు సలహాలిచ్చారు. 2018 డ్రాఫ్టు మొదటి విడతలో చిట్టచివరివాడుగా వెళ్లి, రెండుసార్లు ఎన్.ఎఫ్.ఎల్. అత్యుత్తమ ఆటగాడయ్యాడు, క్వార్టర్‌బ్యాక్‌గానే.

ఇక డబ్బు సంగతి. అంచనా వేసిన విలువకు చాలాకాలం ధర మాత్రం చెల్లించలేదు. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ ఏ అండ్ ఎం కాలేజీ ఆటగాడు రే డెనిసన్ ఆటలో తలకు దెబ్బ తగిలి మరణించాడు. అతని భార్య కార్మికులకిచ్చే నష్టపరిహారం అడిగింది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కాదన్నది. కాలేజీ క్రీడల్ని శాసించే ఎన్.సి.ఎ.ఎ. అనే సంఘం ఆ కాలంలోనే ‘విద్యార్థి-క్రీడాకారుడు’ అనే మాటను వాడకంలోకి తెచ్చింది. ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తిస్తారేమోనన్న భయంతోనే ఆ మాట పుట్టించామని, సంఘాన్ని మూడున్నర దశాబ్దాలు నడిపిన వాల్టర్ బయర్స్ స్వయంగా 1995లో తన పుస్తకంలో రాశాడు. 2014లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఆటగాళ్లు యూనియన్ పెట్టుకోబోయారు. కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయాధికారి వాళ్లు ఉద్యోగులేనన్నాడు. 2015లో కేంద్ర బోర్డు, ఈ వివాదంలో తాము జోక్యం చేసుకోబోమని తప్పుకున్నది.

గోడ 2021లో బీటలు వారింది. జూన్‌లో సుప్రీంకోర్టు చదువుకు సంబంధించిన ప్రతిఫలాల మీద ఎన్.సి.ఎ.ఎ. పెట్టిన పరిమితులు చెల్లవని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో తీర్పు చెప్పింది. జులై నుంచి ఆటగాళ్లు తమ పేరూ, ముఖమూ అమ్ముకుని సంపాదించుకోవచ్చునన్నారు. 2025 జూన్‌లో ఒక పెద్ద దావా రాజీతో, విశ్వవిద్యాలయాలే తమ క్రీడాకారులకు నేరుగా, ఏడాదికి మొత్తం 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచవచ్చునని తేలింది. ఆటగాడు ఏళ్లతరబడి అడిగిన న్యాయంలో ఒక భాగం ఇది, సంతోషించవలసిందే. దీనితో నక్షత్రాలు చేసే పని కూడా మారిపోయింది. ఇదివరకు అవి పత్రికల కబుర్లు; ఇప్పుడు అవి వేతనానికి ప్రాతిపదిక. ఇంకా ఒక్క ఆట ఆడని కుర్రవాడికి జోస్యం మీద డబ్బు ముడుతున్నది. మోకాలు విరిగేలోపల తన వాటా తాను తీసుకోగలుగుతున్నాడు. సగటును అనుభవించలేని మనిషికి సగటు ధర ముందే చెల్లించటం ఒక రకంగా న్యాయమే. కాని పంపకం జోస్యాన్ని బట్టి జరుగుతున్నది, పనిని బట్టి కాదు. పక్కన నిలబడి అవే దెబ్బలు తినే రెండు నక్షత్రాలవాడికి మిగిలేది చాలా తక్కువ.

2025 సీజనులో మరో వింత జరిగింది. ఇండియానా విశ్వవిద్యాలయం ఓటములకు పెట్టింది పేరు. 2023లో అది తొమ్మిది ఆటలు ఓడింది. 2024లో కర్ట్ సిగ్నెట్టి కోచ్‌గా వచ్చాడు. తాను ఇంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి పలువురు ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నాడు. కుర్రవాడు ఏం చెయ్యగలడోనన్న ఊహ కంటె ఇప్పటికే ఏం చేశాడో చూడాలన్నది అతని పద్ధతి. అతని క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా హైస్కూల్లో ఎవరి కంటా పెద్దగా పడలేదు. మొదట యేల్‌కు వస్తానని మాట ఇచ్చి, తర్వాత బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆడి, అక్కడినుంచి ఇండియానాకు వచ్చి, హైస్మన్ బహుమతి తీసుకున్నాడు. 2026 జనవరిలో మయామిని 27-21తో ఓడించి ఇండియానా జాతీయ విజేత అయింది. పదహారు ఆటలు, ఒక్క ఓటమి లేదు. నక్షత్రాల లెక్కలో ఆ జట్టు సగానికి దరిదాపుల్లో కూడా లేదు. ఎలియట్ సూత్రం మొదటిసారి విరిగింది.

దీన్ని చూసి కొలతల పని అయిపోయిందని మన మిత్రులు చంకలు గుద్దుకోవటం నాకు నచ్చలేదు. ఇండియానా కొలతలు లేకుండా గెలవలేదు. పదిహేడో ఏటి కొలతను పక్కనపెట్టి ఇరవై ఒకటో ఏటి కొలతను వాడుకున్నది. రెండోది మెరుగైన కొలత, ఎందుకంటే మనిషి అప్పటికి కొంత పెరిగి, కొంత పని చేసి చూపివుంటాడు. ఆ నాలుగేళ్లు అతన్ని ఎవరు పెంచారు? జేమ్స్ మాడిసన్ వంటి చిన్న విశ్వవిద్యాలయాలు. ఎవరు పనికివస్తారో తెలియనప్పుడు ఖర్చంతా అవి భరించినవి. తెలిసిన తర్వాత పెద్దవి వచ్చి తీసుకుపోతున్నవి. కిందివాడి పొలంలో నారు పోసి, ఏ మొలక నిలబడుతుందో చూసుకుని, పైవాడు పీకి తన మడిలో నాటుకున్నట్టు వుంది. ఆటగాడికి అది విముక్తి కావచ్చు. అతను వెళ్లకుండా కట్టిపడెయ్యాలని అనటానికి మనకు నోరు రాకూడదు. కాని పొలం యజమాని మారినంతమాత్రాన నారు పోసినవాడికి ఏమీ ముట్టలేదు.

అలెన్ విషయానికి మళ్లీ వస్తాను. అతన్ని కనిపెట్టలేకపోయిన వ్యవస్థ గురించి అందరూ మాట్లాడతారు, అతన్ని తీసుకున్న రీడ్లీ కాలేజీ గురించి ఎవరూ మాట్లాడరు. కాలిఫోర్నియా రాష్ట్రం 1960లో తన ఉన్నతవిద్యకు ఒక మహాప్రణాళిక వేసుకున్నది. పై విశ్వవిద్యాలయాలకు మార్కులను బట్టి ఏరుకునే హక్కు ఇచ్చింది. రెండేళ్ల కాలేజీల తలుపులు మాత్రం చదవగలిగిన ప్రతివాడికీ తెరిచివుంచాలన్నది. ఆ రెండో భాగమే లేకపోతే అలెన్ లేడు, రాడ్జర్స్ కూడా లేడు. ఎన్ని నక్షత్రాలని అడగకుండా చేర్చుకునే ఒక చోటు, ప్రజల పన్నులతో నడిచే చోటు, అక్కడ వున్నది.

అలాంటి చోటు లేని ఊళ్లలోనూ కుర్రవాళ్లున్నారు. ఐదు నక్షత్రాలవాడు విఫలమైతే అది పత్రికల్లో వస్తుంది. నక్షత్రాలు ఇచ్చినవాడి తప్పు అందరికీ తెలుస్తుంది. నక్షత్రాలు లేవని చెప్పి ఆటలోకే రానివ్వని కుర్రవాడి విషయంలో తప్పు జరిగిందో లేదో తేల్చే పద్ధతి ఏదీ లేదు. అతను ఆడలేదు గనుక ఏ పట్టికలోనూ అతని పేరు లేదు. పట్టికలు చూసి, మా అంచనాలు ఇంత శాతం సరిపోయినవని సంస్థలు చెప్పుకుంటున్నప్పుడు, ఆ శాతంలో అతన్ని కలపలేదు.